గార్డు అడ్డమొస్తోందా?

మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు ఎవరైనా సరే, మొదటి వారం తిరక్కుండానే అడిగే మాట ఒకటుంది. "గార్డు అడ్డమొస్తా ఉంది, తీసేసేదా అన్నా?" గార్డంటే ఇనుము కోసే, రుద్దే యాంగిల్ గ్రైండర్ వీల్‌ను సగం కప్పి ఉంచే రేకు తొడుగు. కళ్యాణదుర్గం నుంచి వచ్చినా, మడకశిర నుంచి వచ్చినా, పావగడ నుంచి వచ్చినా అదే మాట. తీయొద్దని ఊరికే కసరను. కసిరితే నేను ఉన్నంతసేపు ఉంచి, నేను కొలతలు తీసుకోడానికి సైటుకు పోగానే తీసేస్తాడు. "ఎందుకు అడ్డమొస్తోందో చెప్పు నాయనా" అంటాను. వాడు చెప్పే జవాబులోనే అసలు సంగతి బయటపడుతుంది. గార్డు అడ్డమొస్తోందంటే వీల్ అయినా తప్పు వేసుంటారు, మెషీను పట్టిన తీరైనా తప్పయి ఉంటుంది, లేదంటే అది గ్రైండర్‌తో చేయాల్సిన పనే కాదు. గార్డుదే తప్పైన సందర్భం నాకింతవరకు ఎదురు కాలేదు.

బెంగళూరు పీణ్యాలో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, షీటు రూఫులు చేస్తాం. ఈమధ్య మా చుట్టాల పిల్లలు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు, ఆన్‌లైన్‌లో ఏజీ4 అనే చిన్న యాంగిల్ గ్రైండర్ తెప్పించుకుని అపార్ట్‌మెంట్ బాల్కనీలో మొక్కల స్టాండులు చేసుకుంటున్నారు. సొంత చేత్తో చేసుకోవడం చూస్తే నాకు నిజంగా సంతోషం. కానీ వాళ్లు పంపే వీడియోల్లో సగం మెషీన్లకు గార్డు ఉండదు. వాళ్ల కోసం, మా కుర్రాళ్ల కోసం కలిపి ఇది రాస్తున్నాను.

ఏజీ4 అంటే నాలుగు అంగుళాల వీల్, అంటే 100 మి.మీ. వీల్ పట్టే మెషీను. ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి 11,000 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. లెక్క వేస్తే వీల్ అంచు గంటకు 200 కి.మీ. దాటి పోతోందన్నమాట. ఆ వీల్ ఇనుమేమీ కాదు. రాపిడి గింజల్ని రెజిన్‌తో అతికించి, లోపల ఫైబర్ గ్లాసు వల వేసి నొక్కిన బిళ్ల. కటింగ్ వీల్ అయితే అప్పడమంత పలచన, మిల్లీమీటరు చిల్లర. అది పగిలిందంటే ముక్కలు అదే వేగంతో వస్తాయి, తల తిప్పుకునే టైం ఇవ్వవు. గార్డు ఉన్నది ముఖ్యంగా ఆ ముక్కల కోసం. చాలామంది నిప్పురవ్వల కోసమే అనుకుంటారు. అందుకే "గ్లవుజులు వేసుకున్నా కదా" అని తీసేస్తారు.

మా స్విచ్ బోర్డు పక్కన మేకుకు ఒక పాత గార్డు తగిలించి ఉంటుంది. లోపలి వైపు, అంచుకు దగ్గర్లో, బొటనవేలు పట్టేంత సొట్ట పడింది. సొట్ట నడుమ రేకు చీలి, చీలిక పెదవులు బయటికి తిరిగాయి. ఆ చీలికలో నల్లటి వీల్ ముక్క ఒకటి ఇప్పటికీ ఇరుక్కునే ఉంది, గోటితో గీకినా ఊడదు. ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్ ముక్క కోస్తుండగా వీల్ బిగుసుకుని పగిలిన రోజుది అది. ఆ సొట్ట పడిన చోటు సరిగ్గా మెషీను పట్టుకున్న కుర్రాడి పొట్టకు ఎదురుగా ఉండింది. వాడికి గీత కూడా పడలేదు. కొత్తవాళ్ల చేతికి ఆ గార్డు ఇచ్చి, సొట్టలో వేలు పెట్టి చూడమంటాను.

ఇక జవాబుల సంగతి. అన్నిటికన్నా ప్రమాదమైన జవాబు "ఐదు వీల్ పట్టడం లేదన్నా". ఐదు అంటే ఐదు అంగుళాలది. నాలుగువి అయిపోయాయి, పక్క షెడ్డులో ఐదువి దొరికాయి, గార్డు తీస్తే పడుతుంది. ఇక్కడ చురుకైన కుర్రాడు లెక్క కూడా చెప్తాడు: "ఐదు వీల్ మీద 12,200 అని రాసుంది, మన మెషీను 11,000 కదన్నా, స్పీడు సరిపోయింది." స్పీడు లెక్క నిజమే. కానీ నాలుగు వీల్‌కు మధ్య రంధ్రం 16 మి.మీ. ఐదు, ఏడు వీల్స్‌కు 22.23 మి.మీ. వీల్‌ను కూర్చోబెట్టే ఏజీ4 ఫ్లాంజ్ బిళ్ల మీద పెద్ద రంధ్రం కుదురుగా కూర్చోదు, ఆరు మి.మీ. ఆట ఉంటుంది. నట్టు బిగిస్తే పట్టుకున్నట్టే కనిపిస్తుంది గానీ వీల్ ఒక పక్కకు జరిగి తిరుగుతుంది. వాషరో, రేకు చుట్టో పెట్టి సర్దేవాళ్లున్నారు. అలా ఊగుతూ తిరిగే వీల్ ఎప్పుడు పగులుతుందో చెప్పలేం, పగిలినప్పుడు అడ్డుకోడానికి గార్డూ ఉండదు.

దీనికి అన్నలాంటిది అరిగిన ఏడు వీల్. ఏడు అంగుళాల పెద్ద మెషీను ఏజీ7 మీద అరిగి నాలుగున్నరకు వచ్చిన వీల్‌ను పారేయడానికి మనసొప్పక చిన్న మెషీనుకు వేస్తారు. ఏడు వీల్ మీద 8,500 అని ఉంటుంది. వీల్‌ను చీల్చేలా లాగే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 8,500 వీల్‌ను 11,000 మీద తిప్పితే ఆ బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అరిగి చిన్నదైంది కాబట్టి ఫర్వాలేదంటారు. కానీ పెద్దగా ఉన్న రోజుల్లో ఒత్తిళ్లన్నీ తిన్నది మిగిలిన ఆ నడిమి భాగమే. రంధ్రం తేడా ఎలాగూ ఉంది. పెద్ద మెషీను మీద అరిగిన వీల్‌ను చిన్నదానికి వేయొద్దని మెషీనుతో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. మా దగ్గర అరిగిన వీల్‌ను రెండు ముక్కలు చేసిగానీ చెత్తలో వేయం. లేకపోతే మళ్లీ ఎవరో ఒకరు ఏరుకొస్తారు.

వీల్ మీద రాసిందంతా చదవండి, చాలా విషయం ఉంటుంది. చుట్ల సంఖ్య మెషీను మీదున్న సంఖ్యకన్నా ఎక్కువే ఉండాలి. వీల్ అంచు తిరగదగిన గరిష్ఠ వేగం సెకనుకు 80 మీటర్లు అని, దానికి గుర్తుగా ఎర్ర గీత ఉంటుంది. మధ్యలో ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, అది ఎక్స్‌పైరీ. రెజిన్ వీల్స్‌కు తయారైనప్పటి నుంచి మూడేళ్లు. వీల్‌కు ఎక్స్‌పైరీ ఏమిటని నవ్వకండి. రెజిన్ తేమ పీల్చి బలం తగ్గుతుంది. వర్షాకాలంలో కారే షెడ్డులో నేల మీద పెట్టిన వీల్స్, బ్యాగులో సుత్తి కింద నలిగిన వీల్స్ తేదీ దాటకపోయినా నేను వాడనివ్వను. స్టెయిన్‌లెస్ పనికి ఇనాక్స్ అని రాసినవే తీసుకోండి, వాటిలో ఇనుము, గంధకం, క్లోరిన్ దాదాపు ఉండవు. మామూలు వీల్‌తో రెయిలింగు సాపు చేస్తే కొన్నాళ్లకు తుప్పు చుక్కలు తేలి కస్టమరు ఫోన్ చేస్తాడు.

కటింగ్ వీల్‌తో పక్కవాటుగా రుద్దడం ఇంకో రోగం. కోసిన వెంటనే అంచున లేచిన ఇనుప పొర, అదే బర్ర్, కనిపిస్తుంది, వీల్ మార్చడానికి బద్ధకం, అదే వీల్‌ను వాల్చి రుద్దేస్తారు. పలచటి వీల్‌కు అంచు మీద బలం ఉంటుంది, పక్కనుంచి నొక్కితే తట్టుకోదు. లోపలి వల తెగుతుంది, పైకి కనిపించదు, తర్వాత కోతలో పగులుతుంది. అప్పుడు మెషీను పట్టుకున్నది వేరే కుర్రాడు కావచ్చు. రుద్దడానికి ఆరు మి.మీ. గ్రైండింగ్ వీల్ ఉంది, ఎమరీ గుడ్డ రెక్కలు పేర్చిన ఫ్లాప్ వీల్ ఉంది. గ్రైండింగ్ వీల్‌ను పని మీద 15 నుంచి 30 డిగ్రీలు వాల్చి పట్టాలి, ఫ్లాప్ వీల్‌ను అంతకన్నా తక్కువ వాల్చాలి. నా సలహా, వీలైతే రెండు మెషీన్లు పెట్టుకోండి, ఒకటి కోయడానికి, ఒకటి రుద్దడానికి. చిన్న ఏజీ4 ధర కంటి ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఏపాటి?

రెండో జవాబు: "మూలలోకి పోవడం లేదన్నా." గేటు ఫ్రేము లోపలి మూలలో వెల్డింగ్ సాపు చేయాలి, గార్డు తగులుతుంది. చాలామందికి తెలియని విషయం, గార్డు తిరుగుతుంది. పక్కన స్క్రూ గానీ చిన్న లివరు గానీ ఉంటుంది. ప్లగ్ పీకి, అది వదులు చేసి గార్డును పనికి తగ్గట్టు తిప్పి మళ్లీ బిగించాలి. మూసిన వైపు ఎప్పుడూ మనిషి వైపే ఉండాలి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి. అప్పటికీ పోకపోతే ఆ మూల యాంగిల్ గ్రైండర్ పని కాదు. చిన్న రాయి బిగించిన డై గ్రైండర్ కావాలి, లేదా ఆకురాయి. అవును, ఆకురాయే. పది నిమిషాలు చేత్తో రాస్తే ఏ మూలైనా లొంగుతుంది.

మూడో జవాబు: "గీత కనపడటం లేదన్నా." కోతకు గుర్తుగా గీసుకున్న గీత కోసం వంగి మొహాన్ని వీల్‌కు నేరుగా తెచ్చేస్తారు. ఇక్కడ మెషీను తన్నడం గురించి చెప్పాలి. కోతలో వీల్ బిగుసుకున్న క్షణంలో వీల్ ఆగుతుంది, మోటారు ఆగదు, ఆ బలమంతా మెషీనును విసురుతుంది. ఎటు విసురుతుందో ముందే తెలుసుకోవచ్చు: నిప్పురవ్వలు ఎటు ఎగురుతున్నాయో దానికి ఎదురు దిక్కుకు. రవ్వలు మన నుంచి అవతలికి పోతుంటే మెషీను మన మీదికే వస్తుంది. అందుకే వీల్ తిరిగే గీతకు పక్కగా నిలబడాలి. తల, మెడ, తొడ ఏదీ ఆ గీతలో ఉండకూడదు. పక్క హ్యాండిల్ బిగించి, రెండు చేతులతో, మోచేతులు కొంచెం వంచి పట్టాలి. పక్క హ్యాండిల్ పెట్టెలోనే మూలుగుతున్న ఇళ్లు ఎన్నో.

వీల్ బిగుసుకోవడానికి అసలు కారణం పనిని ఆనించిన తీరు. చదరపు పైపును రెండు స్టాండ్ల మీద వేసి నడుమ కోశారనుకోండి. సగం తెగేసరికి పైపు నడుములో కుంగుతుంది, పైన కోత నోరు మూసుకుంటుంది, వీల్ దాంట్లో ఇరుక్కుంటుంది. అలా కాకుండా తెగిపోయే ముక్క స్టాండ్ బయటికి వేలాడేలా, కోత స్టాండ్‌కు దగ్గరగా పడేలా పెట్టాలి. ముక్క కిందికి వాలేకొద్దీ నోరు తెరుచుకుంటుంది. పొడవైన ముక్కయితే ఇంకొకరు పట్టుకోవాలి, కానీ పైకెత్తకూడదు, ఎత్తితే మళ్లీ నోరు మూసుకుంటుంది. ఒకేసారి లోతుకు నొక్కొద్దు. ముందు గీత మీద పలచగా ఒక గాడి వేస్తే తర్వాత వీల్ ఆ గాడిలోనే నడుస్తుంది, వంగి చూడాల్సిన పనీ ఉండదు.

ఇక కాలితో తొక్కిపెట్టి కోయడం. మన రోడ్ల పక్కన ప్రతి షెడ్డు ముందూ కనిపించే దృశ్యం. చెప్పుల కాలు పైపు మీద, మెషీను ఆ కాలికి జానెడు దూరంలో, రవ్వలు వేళ్ల మధ్య నుంచి. పైపును కదలకుండా పట్టే సీ క్లాంప్ బిగించడానికి పట్టేది అర నిమిషం. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. మా షెడ్డులో కాలితో తొక్కి కోస్తే ఆ పూటకు మెషీను వెనక్కి తీసుకుంటాను.

నాలుగో జవాబు: "చెక్క కోసే బ్లేడు పట్టడం లేదన్నా." మార్బుల్ కటర్ కోసం 110 మి.మీ. పళ్ల బ్లేడ్లు వస్తాయి. వాటిని ఏజీ4కు వేయాలంటే గార్డు తీయాలి. దయచేసి ఈ పని చేయకండి. గొలుసు రంపం పళ్లున్న బిళ్లలు కూడా అమ్ముతున్నారు, అవి ఇంకా భయంకరం. రాపిడి వీల్ ఇరుక్కుంటే అరుగుతుంది, జారుతుంది. పంటి బ్లేడు కొరికి పట్టుకుంటుంది, మెషీను చేతిలోంచి లాక్కుంటుంది. గ్రైండర్ వేగం చెక్క రంపానికి వేగమే కాదు. చెక్కకు సర్క్యులర్ సా ఉంది, జిగ్ సా ఉంది.

వైరు బ్రష్ సంగతి వేరు. తుప్పు, పాత పెయింటు తీయడానికి కప్పు బ్రష్ మంచిదే, కానీ దాని తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి, బట్టల్లోంచి చర్మంలో దిగుతాయి. బ్రష్ బిగించే మర ఏజీ4కు ఎం10 సైజు, పెద్ద మెషీన్లకు ఎం14. మర కలవకపోతే బలవంతం చేయొద్దు. బ్రష్ మీది చుట్ల సంఖ్య చూసుకోండి. నొక్కితే బాగా గీకుతుందనుకుంటారు, నొక్కితే తీగలు వంగి విరుగుతాయి. కొసలే పని చేయాలి.

ఏ వీల్ వేసినా పద్ధతి ఒకటే. ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకాలి. తిరగడం పూర్తిగా ఆగాకే, ఇరుసును కదలకుండా పట్టే స్పిండిల్ లాక్ నొక్కాలి. ఫ్లాంజ్ మీద బురద, రవ్వ ముక్కలు తుడవాలి. బిగించాక చేత్తో ఒక చుట్టు తిప్పి గార్డుకు తగలడం లేదని చూడాలి. తర్వాత ఎవరూ లేని వైపుకు తిప్పి పట్టుకుని నిమిషం సేపు ఖాళీగా ఆడించాలి. లోపమున్న వీల్ చాలావరకు ఆ నిమిషంలోనే బయటపడుతుంది.

బెంగళూరులో ఇంకో తలనొప్పి కరెంటు. కోత మధ్యలో పోతుంది. కుర్రాడు మెషీను నేల మీద పెట్టి టీకి పోతాడు. జరిపే స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. కరెంటు వచ్చిందంటే మెషీను తనంతట తానే లేచి, వైరును చుట్టుకుంటూ నేల మీద పరిగెడుతుంది. కరెంటు పోగానే మొదట స్విచ్ వెనక్కి లాగడం అలవాటు కావాలి. కొత్తది కొనేవాళ్లు నొక్కి పట్టుకుంటేనే తిరిగే ప్యాడిల్ స్విచ్ ఉన్నది, కరెంటు వచ్చినా దానంతట తిరగనిది అడిగి తీసుకోండి.

కళ్లద్దాలు వేసుకున్నా కింద సందులోంచి, చెంప మీద తగిలి ఎగిరి రవ్వ కంట్లో పడుతుంది. చుట్టూ మూసుకునే గాగుల్స్ వేసుకుని, పైన ఫేస్ షీల్డ్ పెట్టుకోండి. ఇనుప రవ్వ కంట్లో పడితే రుమాలు కొసతోనో అగ్గిపుల్లతోనో తీయించుకోవద్దు. షెడ్డుల్లో దీనికి పేరుమోసిన చేతులుంటాయి, వాళ్లను నమ్మొద్దు. రవ్వ నల్లగుడ్డు మీద అతుక్కుని కొద్ది గంటల్లోనే చుట్టూ తుప్పు వలయం కడుతుంది, రవ్వ ఊడినా ఆ వలయం మిగిలిపోతుంది. దాన్ని డాక్టరు మైక్రోస్కోపు కింద తీయాలి. చామరాజపేటలో మింటో కంటి ఆసుపత్రి ఉంది, ప్రభుత్వానిదే. రేపు చూద్దామని పడుకోకండి.

బట్టలు నూలువి, ఒంటికి అతికినవి. పాలిస్టర్ మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. మెడలో తువ్వాలు, లుంగీ, వదులు చున్నీ వద్దు. దారాలు వేలాడే నూలు గ్లవుజులు వీల్‌కు చిక్కుకుంటాయి, చేతికి సరిపడే తోలువి వాడండి. చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. మాలాంటి వాళ్లకు ఒక వయసు వచ్చాక ఫోన్‌లో మాట సరిగా వినపడదు.

గ్రానైట్ కోసేవాళ్లకు ఒక్క మాట. వంటగట్టు రాయికి సింకు రంధ్రం కోసేటప్పుడు లేచే తెల్ల దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. కర్చీఫు కట్టుకుంటే ఆగదు, కనీసం ఎన్95 కావాలి. తడిపి కోయడం ఇంకా మంచిది, కానీ నీళ్లకు తయారు చేసిన కటర్‌తో, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైన్ మీద మాత్రమే. మామూలు గ్రైండర్ మీద మగ్గుతో నీళ్లు పోయించడం వద్దు.

మొక్కలకనో, బార్బెక్యూకనో ఖాళీ డ్రమ్ములు కోసే పిచ్చి ఇప్పుడు బాగా ఉంది. ఆయిల్, థిన్నర్, డీజిల్ ఉన్న డ్రమ్ము ఖాళీ అయ్యాక లోపల ఆవిరి నిండి ఉంటుంది, నిండు డ్రమ్ముకన్నా అదే ఎక్కువ ప్రమాదం. ఒక్క రవ్వ చాలు పేలడానికి. మూత తీసి రెండు రోజులు ఎండలో పెట్టాం అన్నది జవాబు కాదు. లోపల ఏముండేదో తెలియని డ్రమ్ము మా గేటు లోపలికే రానివ్వను. మామూలు పనిలో కూడా రవ్వలు చాలా దూరం పోతాయి. పెయింట్ డబ్బాలు, గోనెసంచులు, గ్యాస్ సిలిండరు ముందు దూరం జరపండి. పని ముగిశాక అరగంట అక్కడే ఉండి చూడండి. బాల్కనీలో చేసేవాళ్లు కింది ఫ్లోరులో ఆరేసిన బట్టలు చూసుకోండి, పక్కనున్న కిటికీ అద్దాన్ని అట్టతో కప్పండి. రవ్వ అద్దంలో దిగితే ఏం చేసినా పోదు.

కొనడానికి బెంగళూరులో పనిముట్ల దుకాణాలుండే ఎస్‌జేపీ రోడ్డుకు పోతే మెషీనుతో పాటు కోతకు రెండు వైపులా మూసుకునే గార్డు విడిగా దొరుకుతుందేమో అడగండి, పెట్టెలో వచ్చేది సాధారణంగా ఒక వైపు తెరిచి ఉండే గ్రైండింగ్ గార్డే. మోటారు లోపల అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు ఒక జత ఎక్కువ తీసుకోండి. వీల్స్ పెట్టె విప్పించి, రింగు మీద తేదీ దుకాణంలోనే చదవండి. తేదీ దాటినవి ఎంత తక్కువకు ఇస్తానన్నా అక్కడే వదిలి రండి.